చేతులు ఖాళీ అయితే చాలదు

“డాక్టరుగారూ, ఫోనుకు బ్లూటూత్ హెడ్‌సెట్ కొనుక్కోమంటారా?”

ఉదయపు నడకలోనో, పెళ్ళి పందిట్లోనో, పాత పరిచయంతో మా ఇంటికి వచ్చి కూర్చున్నప్పుడో ఈ మధ్య నన్ను చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది. వస్తువు మంచిచెడ్డలు దుకాణదారును అడగాలి గాని వైద్యుణ్ణి అడగడమేమిటని మొదట్లో అనుకునేవాణ్ణి. కాస్త తరచి చూస్తే అడిగేవారి మనసులోని మాట బయటపడింది. ఫోను రేడియేషను మెదడుకు తగలకుండా ఉంటుందని కొందరి ఆశ. బండి నడుపుతూ కూడా క్షేమంగా మాట్లాడుకోవచ్చునని మరికొందరి ధీమా. చేతులకు వెసులుబాటు కావాలన్నది ఇంకొందరి అవసరం. మొదటిది అక్కరలేని భయం. రెండవది ప్రాణాల మీదకు తెచ్చే భ్రమ. మూడవదాని కోసమైతే కొనవచ్చును, అదీ కొన్ని జాగ్రత్తలతో. నా అభిప్రాయానికి కారణాలు చెబుతాను. ఆలోచించి మీరే నిర్ణయించుకోండి.

ముందు భయం సంగతి చూద్దాం. మొబైల్ ఫోను వెలువరించేవి రేడియో తరంగాలు. ఎక్స్‌రే కిరణానికి అణువులోని ఎలక్ట్రానును పెకలించే శక్తి ఉంది. అది మన కణాలలోని జన్యుపదార్థాన్ని దెబ్బతీయగలదు. రేడియో తరంగానికి అంతటి శక్తి లేదు. తగినంత తీవ్రంగా ఉన్నప్పుడు కణజాలాన్ని వేడెక్కించడమే దానివల్ల జరిగేదని మనకు రూఢిగా తెలిసిన పని. ఆ వేడి హద్దు మీరకుండా మన దేశంలో 2012 నుంచి ఒక పరిమితి అమలులో ఉన్నది. ఏ ఒక్క గ్రాము కణజాలమైనా గ్రహించే శక్తి, కిలోగ్రాముకు 1.6 వాట్ల లెక్కకు మించరాదు. చాలా ఫోన్లలో *#07# నొక్కితే ఆ ఫోను తాలూకు అంకె తెరమీద కనబడుతుంది. నొక్కి చూసుకోండి.

2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఈ తరంగాలను ‘క్యాన్సరు కలిగించవచ్చునేమో’ అన్న జాబితాలో చేర్చింది. ఆ ఒక్క మాటను పట్టుకొని ఎన్ని సందేశాలు వాట్సాప్‌లో తిరిగాయో మీకు తెలుసు. సాక్ష్యం పరిమితంగా ఉన్నదని ఆ జాబితాకు అర్థమే గాని, నేరం రుజువయిందని కాదు. కలబంద ఆకు మొత్తాన్ని పిండి తీసిన సారం కూడా అదే జాబితాలో ఉన్నది. తరువాత 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరగా జరిగిన విస్తృతమైన సమీక్షలో మొబైల్ వాడకానికీ మెదడు క్యాన్సరుకూ సంబంధం కనబడలేదు.

బ్లూటూత్ పరికరం వాడే శక్తి సాధారణంగా కొద్ది మిల్లీవాట్లు. పాతకాలపు 2జి ఫోను గరిష్ఠంగా రెండు వాట్ల దాకా వాడేది. కనుక హెడ్‌సెట్ పెట్టుకుంటే తలకు సోకే తరంగాల మోతాదు తగ్గుతుందన్నది అబద్ధం కాదు. అయితే ఆ తగ్గుదల ఫోనును స్పీకరులో పెట్టి ఒక మూర దూరంలో ఉంచినా కలుగుతుంది. చవకైన తీగ హెడ్‌సెట్ వల్లా కలుగుతుంది. దీనికోసం వేల రూపాయలు పోయనక్కరలేదు. అలాగే ‘బ్లూటూత్ చెవిలో పెట్టుకుంటే మెదడు ఉడికిపోతుంది’ అనే ప్రచారాన్నీ నమ్మనక్కరలేదు. ఆ రెండు మాటలకూ పెట్టుబడి భయమే.

ఇక రెండవది. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

ఫోనును హెల్మెట్‌లోకి దోపుకొనో, మెడ వంచి భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకొనో బండి నడిపేవారిని మనం రోజూ చూస్తున్నాం. అలాంటివారికి పెద్దలు సదుద్దేశంతో చెప్పే సలహా ఒకటుంది: “ఆ అవస్థ ఎందుకురా, ఒక బ్లూటూత్ కొనుక్కోరాదూ!” తల్లిదండ్రులు పిల్లలకు కొని ఇస్తున్నారు, భార్యలు భర్తలకు కానుకగా ఇస్తున్నారు. ప్రమాదం తప్పించామని తృప్తి పడుతున్నారు. నిజానికి తప్పినది మెడనొప్పి ఒక్కటే.

నేనూ ఒకప్పుడు అలా నమ్మినవాణ్ణే. 2008 ప్రాంతంలో జాతీయ రహదారికి దగ్గరగా ఉన్న ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ఒక సాయంత్రం బస్సు బోల్తాపడి క్షతగాత్రులు ఒక్కసారిగా వచ్చారు. రాత్రి విధులకు రావలసిన యువవైద్యుడికి ఫోను చేశాను. “సార్, బండి మీద ఉన్నాను. చెవికి బ్లూటూత్ ఉందండీ, చెప్పండి” అన్నాడు. బ్లూటూత్ ఉన్నదిగదా అని నేను చెబుతూ పోయాను. ఎవరిని ముందు థియేటరుకు తీసుకుపోవాలి, ఎంత రక్తం తెప్పించాలి, ఎవరి కాలు పరిస్థితి ఏమిటి. అతను శ్రద్ధగా వింటున్నాడు, ప్రశ్నలు కూడా వేస్తున్నాడు. మధ్యలో పెద్ద శబ్దం వినబడింది, ఆ తరువాత మాట లేదు. రోడ్డు పక్కన ఆగివున్న ట్రాక్టరు ట్రక్కును వెనుకనుంచి గుద్దుకున్నాడు. హెల్మెట్ ఉండబట్టి ప్రాణం దక్కింది. తొడ ఎముక విరిగింది, రెండు శస్త్రచికిత్సలు జరిగాయి, నెలల తరబడి మంచం మీద ఉన్నాడు.

కోలుకుంటున్న రోజులలో అతను చెప్పిన మాటను నేను మరువలేను. “ట్రక్కు ఎదురుగా కనబడుతూనే ఉంది సార్. అటే చూస్తున్నాను. కానీ అది ట్రక్కని నాకు తోచలేదు. నా బుర్రంతా మీరు చెబుతున్న పేషెంటు దగ్గరే ఉంది.”

అతని రెండు చేతులూ హ్యాండిల్ మీదనే ఉన్నాయి. కళ్ళు రోడ్డు మీదనే ఉన్నాయి. మనసు మాత్రం మా ఆసుపత్రిలో ఉన్నది. దానిని అక్కడికి రప్పించినవాణ్ణి నేను.

మెదడు పనితీరే అంత. కన్ను అందించిన దృశ్యమంతా మన ఎరుకలోకి రాదు. దేనిమీద ధ్యాస పెడతామో అదే వస్తుంది. ఫోనులో వినిపించే మాటను అర్థం చేసుకోవడానికీ, అవతలి మనిషిని మనసులో ఊహించుకోవడానికీ, బదులు వెతుక్కోవడానికీ ఆ ధ్యాసలోనుంచే వాటా పోతుంది. పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడడంలేదా అని మీరు అడగవచ్చు. పక్కనున్న మనిషికి కూడా రోడ్డు కనబడుతుంది. ఎదురుగా లారీ వస్తే తానే మాట ఆపుతాడు, ‘చూసుకో’ అని హెచ్చరిస్తాడు. ఫోనులో ఉన్నవాడికి మీ ముందున్న లారీ సంగతి తెలియదు.

ఇది నా ఒక్కడి అనుభవం మీద ఆధారపడి చెబుతున్న మాట కాదు. 1997లో కెనడాలోని టొరాంటోలో, మొబైల్ ఫోను కలిగి ప్రమాదానికి లోనైన 699 మంది వాహనచోదకుల ఫోను బిల్లులను పరిశోధకులు పరిశీలించారు. ప్రమాదానికి ముందు నిమిషాలలో ఫోను వాడారా, అంతకు ముందు రోజు అదే వేళకు వాడారా అని పోల్చి చూశారు. ఫోనులో మాట్లాడుతున్న వేళ ప్రమాదానికి అవకాశం సుమారు నాలుగు రెట్లు ఉన్నదని తేలింది. చేతితో పట్టుకొనే ఫోనుకన్నా చేతులతో పని లేని ఫోను సురక్షితమని ఆ పరిశోధనలో కనబడలేదు. 2005లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో, ప్రమాదాలలో గాయపడి ఆసుపత్రికి వచ్చిన చోదకుల మీద జరిగిన అధ్యయనమూ అదే చెప్పింది: ఫోను చేతిలో ఉన్నా, లేకున్నా నాలుగు రెట్లే.

ఈ పరిశోధనలు కారు నడిపేవారి మీద జరిగాయి. కారుకు నాలుగు చక్రాలు, చుట్టూ ఇనుప గూడు, సీటు బెల్టు ఉన్నాయి. మనలో ఎక్కువమంది వాడేది రెండు చక్రాల బండి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వారిలో ద్విచక్ర వాహనాల మీద పోయినవారిదే అన్నిటికన్నా పెద్ద వాటా. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దాటుతుంది. మీరు “ఊఁ, తరువాత?” అనేలోపల రెండు ఇళ్ళ దూరం దాటిపోతారు. పైగా రెండు చెవులలో ఇయర్‌బడ్స్ బిగించుకున్నవాడికి వెనుక వచ్చే లారీ హారను కూడా సరిగా వినబడదు. బయటి చప్పుడును అణచే రకమయితే చెప్పనే అక్కరలేదు.

“చట్టం ఒప్పుకుంటున్నది కదా” అనేవారున్నారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షను, బండి నడుపుతూ చేత పట్టుకొనే ఫోను వాడడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్‌గా పేర్కొని, వెయ్యి నుంచి అయిదు వేల రూపాయల దాకా జరిమానా, లేదా జైలు శిక్ష విధించింది. ఆ మాటలలో ‘చేత పట్టుకొనే’ అన్నది పోలీసు కంటితో చూసి రుజువు చేయగలిగిన విషయం. ధ్యాస ఎక్కడున్నదో ఏ పోలీసు చూడగలడు? చట్టం పేరెత్తి నిషేధించనంత మాత్రాన అది క్షేమమైపోదు.

“పదేళ్ళుగా మాట్లాడుతున్నాను, నాకేమీ కాలేదు” అనేవారు ఇంకొందరు. చుట్ట కాల్చే ప్రతి తాతగారికీ క్యాన్సరు రాలేదు. వచ్చినవారిని మేము ఆసుపత్రిలో చూశాం. మా వార్డులలో పడుకున్నవారంతా, ముందు రోజు వరకు ‘నాకేమీ కాలేదు’ అన్నవారే.

“మా ఉద్యోగమే అటువంటిది, ఫోను తీయకపోతే ఊరుకోరు” అనే కుర్రాళ్ళున్నారు. ఇంటింటికీ సరుకులు, భోజనాలు మోసుకుపోయేవారు, క్యాబ్ నడిపేవారు, మందుల కంపెనీల ప్రతినిధులు. వారిని నిందించడానికి నాకు నోరు రాదు. తప్పు వారికి ఫోను చేసేవారిది. అన్నం పది నిమిషాలు ఆలస్యమైతే మూడుసార్లు ఫోను చేసే మనది. “ఎక్కడున్నావు?” అని ఉద్యోగిని గంట గంటకూ అడిగే యజమానిది. “బయలుదేరావా, ఎంతదాకా వచ్చావు?” అని కంగారుపడే అమ్మది, నాన్నది. ప్రేమతో చేసినా, అధికారంతో చేసినా ఆ ఫోను చేసే పని ఒక్కటే.

ఇక చెవి సంగతి. అంతర కర్ణంలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కర్ణావర్తాన్ని విప్పి పరిస్తే మూడున్నర సెంటీమీటర్ల పొడవుంటుంది. అందులో ఉన్న దాదాపు పదిహేను వేల రోమకణాలు శబ్దాన్ని గ్రహించి శ్రవణనాడికి అందిస్తాయి. పెద్ద శబ్దానికి ఒకసారి నశిస్తే అవి తిరిగి పుట్టవు. 80 డెసిబెళ్ళ ధ్వనిని వారానికి 40 గంటల వరకు వినవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 90 డెసిబెళ్ళయితే నాలుగు గంటలే. రోడ్డు రొదను మించి వినబడాలని ధ్వని పెంచేవారు ఈ గీతను తమకు తెలియకుండానే దాటుతారు. “మాట వినబడుతోంది గాని అర్థం కావడంలేదు”, “చెవిలో జోరీగ మోగుతోంది” అంటూ వస్తారు. అప్పటికి చేతులు కాలిపోయి ఉంటాయి. గంటల తరబడి రంధ్రాన్ని మూసివుంచితే గులిమి లోపలికి గట్టిపడుతుంది. మన కోస్తా ఉక్కపోతలో చెవిలో బూజు పట్టడమూ అరుదు కాదు.

మరి ఎవరు కొనాలి? కూర్చున్నచోట గంటల తరబడి ఫోనులో మాట్లాడవలసినవారు కొనవచ్చును. మెడ వెన్నుపూసల అరుగుదల ఉన్నవారు, కీళ్ళవాతంతో వేళ్ళు ముడుచుకున్నవారు, చేయి వణికేవారు నిరభ్యంతరంగా కొనవచ్చును. వంటింట్లో పని చేసుకుంటూ విదేశంలో ఉన్న కూతురితో మాట్లాడే తల్లికి అది మంచి వస్తువే. కేవలం మాటలకయితే ఒక చెవి రకం చాలు. చెవికి తగిలే రబ్బరు మూతిని వారానికి రెండుసార్లయినా తుడవండి, ఒకరిది మరొకరు పెట్టుకోకండి. ధ్వనిని సగానికి కాస్త పైన ఆపండి. చెవి కారుతున్నవారు, నొప్పి ఉన్నవారు నయమయ్యేదాకా వాడవద్దు. గుండెకు పేస్‌మేకరు అమర్చుకున్నవారు హెడ్‌సెట్‌నూ, అయస్కాంతం ఉండే దాని పెట్టెనూ చొక్కా జేబులో పెట్టుకోరాదు. ఆ పరికరానికి కనీసం ఆరు అంగుళాల దూరంలో ఉంచాలి. వినికిడి తగ్గినవారు మాత్రం హెడ్‌సెట్‌తో సరిపెట్టుకోక, ముందు వైద్యునికి చూపించుకోవాలి.

బండి మీద మాట్లాడడానికే అయితే కొనకండి, ఎవరికీ కానుకగా ఇవ్వకండి. ఎక్కేముందు ఫోనును మౌనంలో పెట్టండి. అవసరమైన ఫోనయితే బండి పక్కకు తీసి, ఆపి, దిగి మాట్లాడండి. మీరు ఎవరికైనా ఫోను చేసినప్పుడు మొదటి మాటగా “బండి మీద ఉన్నావా?” అని అడగండి. అవునంటే, కారణం ఎంత పెద్దదయినా, వెంటనే పెట్టేయండి. ఆనాడు నేను ఆ పని చేయలేదు. చేసివుంటే ఒక కుర్రవాడి తొడలో ఇనుప కడ్డీ పడేది కాదు.

అతను ఇప్పుడు మంచి పేరున్న సర్జను. నడకలో కొద్దిపాటి కుంటు మిగిలింది. నేను ఫోను చేస్తే చాలాసార్లు తీయడు. పావుగంటకో అరగంటకో తానే తిరిగి చేస్తాడు. “నమస్కారం సార్. ఇందాక రోడ్డు మీద ఉన్నాను. ఇప్పుడు కూర్చున్నాను, చెప్పండి.”