ఆరోగ్య బీమా చట్టాల్లో స్త్రీల వాటా ఎంత?

ఆరోగ్య బీమా గురించి మాట్లాడినప్పుడల్లా ప్రభుత్వాలు లక్షల్లో లెక్కలు చెబుతాయి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు కుటుంబానికి రెండు లక్షలన్నారు. 2018లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ పేరుతో అయిదు లక్షలన్నది. 2023 డిసెంబరులో తెలంగాణ పది లక్షలకు, ఆంధ్రప్రదేశ్ పాతిక లక్షలకు పెంచాయి. అంకె పెరిగిన ప్రతిసారీ పేదలకు భద్రత పెరిగిందని ప్రచారం. ఆ డబ్బు ఏ చట్టం కింద వస్తోంది, వైద్యం నిరాకరిస్తే ఎవరిని నిలదీయాలి అన్న ప్రశ్న మాత్రం చర్చకు రాదు. స్త్రీల వైపు నుంచి చూస్తే అసలు ప్రశ్న అదే.

ఈ దేశంలో ఆరోగ్య రక్షణను విస్తరించడానికి చట్టసభల ముందుకు ఒకటి కాదు, అనేక నమూనాలు వచ్చాయి. వాటిని పక్కపక్కన పెట్టి మూడు ప్రశ్నలు అడుగుదాం. స్త్రీకి కార్మికురాలిగా తన పేరు మీద హక్కు ఉందా? ఆసుపత్రిలో పడక మీద చేరకుండా జరిగే వైద్యం వర్తిస్తుందా? ఇవ్వనంటే ఫిర్యాదు చేయడానికి చోటుందా?

మొదటి నమూనా 1948 నాటి ఇఎస్ఐ చట్టం. యజమాని, కార్మికుడు ఇద్దరూ చందా కట్టాలి. 2019 జులై నుంచి యజమాని వాటా వేతనంలో 3.25 శాతం, కార్మికుల వాటా 0.75 శాతం. దీనికి బదులుగా జ్వరానికి ఇచ్చే మందు నుంచి పెద్ద ఆపరేషన్ దాకా వైద్యం, జబ్బు పడ్డ రోజులకు వేతనంలో కొంత భాగం, ప్రసూతి సెలవు కాలానికి డబ్బు వస్తాయి. రాకపోతే ప్రత్యేక కోర్టు ఉంది. డిస్పెన్సరీల్లో మందులు లేకపోవడం, డాక్టర్లు లేకపోవడం గురించి ఎన్ని విమర్శలున్నా, మన మూడు ప్రశ్నలకూ చట్టం కాగితం మీదైనా అవునని జవాబిచ్చింది ఇక్కడే. లోపమల్లా దాని గుమ్మం ఎత్తుగా ఉండటం. సాధారణంగా పదిమంది పనిచేసే చోటే వర్తిస్తుంది. నాలుగిళ్లలో అంట్లు తోమే మనిషికి, గుంటూరు జిల్లాలో మిరప కోతకు వెళ్లే కూలీకి, ఇంటి దగ్గర కూర్చుని బట్టలు కుట్టే స్త్రీకి ఆ గుమ్మం అందదు.

వారి కోసమే రెండో నమూనా వచ్చింది. అర్జున్ సేన్‌గుప్తా అధ్యక్షతన అసంఘటిత రంగంపై ఏర్పడిన జాతీయ కమిషన్ 2006లో ఒక ముసాయిదా బిల్లు తయారు చేసింది. ఆసుపత్రి ఖర్చు, ప్రసూతి సహాయం, జీవిత బీమా, వృద్ధాప్య భద్రత అనేవి ప్రతి అసంఘటిత కార్మికుడికీ, కార్మికురాలికీ కనీస హక్కుగా చట్టంలోనే ఉండాలన్నది. కార్మికులు రోజుకు రూపాయి, యజమాని రూపాయి, ప్రభుత్వం రూపాయి వేయాలన్నది. దారిద్ర్యరేఖకు దిగువనున్న వారి రూపాయి కూడా ప్రభుత్వమే భరించాలన్నది. మొత్తాలు చిన్నవే. కానీ ఎవరు ఎంత ఇవ్వాలో, ఎవరికి ఏం రావాలో అందులో రాసి ఉంది.

పార్లమెంటు 2008లో ఆమోదించిన అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టంలో ఆ రాత మాయమైంది. ఆరోగ్య, ప్రసూతి ప్రయోజనాలపై కేంద్రం 'ఎప్పటికప్పుడు పథకాలు రూపొందిస్తుంది' అని మాత్రం మిగిలింది. అనుబంధంలో అప్పటికే నడుస్తున్న పది పథకాల పేర్లు చేర్చారు. వాటిలో ఒకటైన రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన కుటుంబానికి ఏడాదికి 30,000 రూపాయలిచ్చేది, అదీ అయిదుగురికే. ఆరుగురున్న ఇంట్లో కార్డు మీదికి ఎక్కని ఆ ఒక్కరూ ఎవరై ఉంటారో మనకు వేరే చెప్పనక్కర్లేదు.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ (2020) ఇఎస్ఐ చట్టాన్నీ, ప్రసూతి ప్రయోజనాల చట్టాన్నీ, 2008 చట్టాన్నీ తనలో కలుపుకుంది. పేరు విశాలంగా ఉంది. అసంఘటిత కార్మికుల దగ్గరకు వచ్చేసరికి భాష మాత్రం పాతదే: పథకాలు రూపొందిస్తారు. ఇఎస్ఐ ప్రయోజనాలను అసంఘటిత కార్మికులకూ, యాప్‌ల ద్వారా పనిచేసే వారికీ విస్తరించే పథకం తేవడానికి 45వ సెక్షన్ వీలిచ్చింది. వీలిచ్చిందే తప్ప తేవాలని ప్రభుత్వాన్ని కట్టడి చేయలేదు. 2021 ఆగస్టు నుంచి ఇ-శ్రమ్ పేరుతో జరిగిన నమోదులో 30 కోట్ల మందికి పైగా చేరారు. వారిలో సగానికి పైగా స్త్రీలు. తమ పేరు మీద సంఖ్య వచ్చింది. ఆ సంఖ్య చూపించి డాక్టరును అడిగే హక్కు రాలేదు.

మూడో నమూనా రాజస్థాన్‌ది. 2023 మార్చిలో అక్కడి శాసనసభ ఆరోగ్య హక్కు చట్టం చేసింది. ఏ రాష్ట్రంలోనైనా అలాంటి చట్టం అదే మొదటిది. ఇది చందా అడగదు, కార్డు అడగదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఓపీ, మందులు, పరీక్షలు, చేరిక ఉచితమని, అత్యవసర పరిస్థితిలో ముందు డబ్బు కట్టమనకుండా చికిత్స చేయాలని చెప్పింది. అత్యవసర వైద్యం నిరాకరించడం జీవించే హక్కును కాలరాయడమేనని సుప్రీంకోర్టు 1996లోనే పశ్చిమ బెంగాల్ వ్యవసాయ కూలీ సంఘం కేసులో చెప్పింది కనుక ఇదేమీ వింత కోరిక కాదు. అయినా ప్రైవేటు డాక్టర్లు వీధికెక్కారు. ఏప్రిల్ మొదట్లో కుదిరిన ఒప్పందంలో 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రులను మినహాయించారు. రాత్రిపూట రక్తస్రావంతో బయల్దేరిన స్త్రీకి దగ్గర్లో కనబడేవి సాధారణంగా అలాంటి చిన్న ఆసుపత్రులే. పైగా ఈ చట్టం కింద సివిల్ కోర్టుకు వెళ్లే దారి మూసేశారు. ఫిర్యాదు వైద్య యంత్రాంగం నడిచే అథారిటీల దగ్గరే తేలాలి.

ఇక మన రెండు రాష్ట్రాల్లో ఉన్నది పథకం. ఆరోగ్యశ్రీ వల్ల గుండె ఆపరేషన్లు, డయాలసిస్, క్యాన్సర్ చికిత్స పొందినవారు మన ఊళ్లలోనే ఉన్నారు. ఆ మేలును కాదనడం అన్యాయం. కానీ అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరికకు కట్టిన డబ్బు. రక్తహీనత, తెల్లబట్ట, నడుం నొప్పి, బీపీ వంటి వాటితో సంవత్సరాల తరబడి నెట్టుకొచ్చే స్త్రీకి ఆ కార్డు ఎక్కువగా పనికొచ్చేది జబ్బు ముదిరి కోత దాకా వచ్చినప్పుడే.

ఈ వంకర పద్ధతి ఎక్కడికి తీసుకెళ్తుందో గర్భసంచి ఆపరేషన్లు చెబుతాయి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. ఇవన్నీ బీమా వల్లే జరిగాయనలేం. భయపెట్టే డాక్టర్లు, పని మానలేని కూలి బతుకు, నెలసరి మీద ఉన్న విముఖత, అన్నీ కారణాలే. కానీ బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో బీమా పథకాల కింద జరిగిన అనవసర ఆపరేషన్ల కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లోగా అమలుచేయాలని రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది. కోతకు డబ్బిచ్చి మాత్రకు ఇవ్వని బీమా, స్త్రీని కోత వైపే నెడుతుంది.

కాబట్టి మనం దేన్ని సమర్థించాలి? ఈ నమూనాల్లో ఏ ఒక్కటీ పూర్తిగా సరిపోదు. రాజస్థాన్ చట్టంలోని ఉచిత ప్రాథమిక వైద్యం పునాది కావాలి. అది బీమా లేకుండానే ప్రతి స్త్రీకీ అందాలి. దాని మీద, పని పోయిన రోజులకు, ప్రసూతికి ఇఎస్ఐ తరహా వేతన రక్షణ ఉండాలి. అందుకు ఎవరి వాటా ఎంతో 2006 ముసాయిదాలో లాగా చట్టంలోనే రాయాలి. డబ్బెక్కడిదని అడిగేవారికి ఒక మాట: 2021-22లో దేశం మొత్తం ఆరోగ్య వ్యయంలో 39.4 శాతం ప్రజలు సొంత జేబు నుంచే పెట్టారు. డబ్బు ఇప్పటికే ఖర్చవుతోంది. ఆ భారం పుస్తెలు కుదువ పెట్టే ఇంటి మీద పడుతోంది.

సంఘాలుగా మనం చేయగల పనులున్నాయి. 45వ సెక్షన్ కింద ముందుగా ఇళ్లలో పనిచేసే వారికి, వ్యవసాయ కూలీ స్త్రీలకు పథకం కావాలని అడగాలి. ఆరోగ్య హక్కు చట్టం కోసం రెండు శాసనసభల సభ్యులకూ వినతులివ్వాలి. ఆ చట్టంలో చిన్న ఆసుపత్రులకు మినహాయింపు ఉండకూడదని, ఫిర్యాదులు వినే సంఘంలో వైద్య శాఖకు బయటివారు, అందులో స్త్రీలు ఉండాలని ఇప్పుడే చెప్పాలి. మండలాల్లో పనిచేసే కార్యకర్తలు వైద్యం నిరాకరించిన ప్రతి సంఘటననూ తేదీతో, చెప్పిన కారణంతో రాసి ఉంచాలి. రేపు బిల్లు వచ్చినప్పుడు మన చేతిలో ఉండాల్సిన సాక్ష్యం అదే.