ఫీజు కోసి, పెండింగ్ అంటే ఎలా?

బ్రిటన్‌లో ఆశ్రయం కోరినవారి దరఖాస్తును హోం ఆఫీసు తోసిపుచ్చితే, అక్కడే ఉండి ట్రైబ్యునల్‌కు అప్పీలు చేసుకోవడానికి సాధారణంగా గడువు 14 రోజులే. ఆలోగా లాయరు దొరకాలి, దుబాసీ దొరకాలి. తిరస్కరణ లేఖలో లేవనెత్తిన ప్రతి అనుమానానికీ జవాబుగా వాంగ్మూలం రాసి, కక్షిదారుకు అతని భాషలో చదివి వినిపించాలి. ఉదాహరణకు, అఫ్గాన్ల సంప్రదాయ సంవత్సరాది మార్చిలో. ఆ లెక్కన చెప్పిన తేదీని ఇంగ్లిషు క్యాలెండర్‌లోకి మార్చడంలో ఒక్క ఏడాది అటూ ఇటూ అయిందా, ‘పొంతన లేదు’ అంటూ ఫైలుకెక్కిస్తారు. తేదీ తప్పితే ఒంటిమీది దెబ్బలు అబద్ధమైపోతాయా? కావని చూపడానికి మళ్లీ వైద్య నివేదికలు, నిపుణుల నివేదికలు.

ఇంత చాకిరీకి ఇంగ్లండ్, వేల్స్‌లలో లీగల్ ఎయిడ్ (ప్రభుత్వ న్యాయ సాయం) కింద లాయర్లకిచ్చే ఫీజులు 1996 నుంచి దశాబ్దాలపాటు పెరగలేదు సరికదా, 2011లో 10 శాతం కోశారు. పెంపు ప్రతిపాదన కదిలింది 2025లో. ఈలోగా లాయర్లు వేరే పనులు చూసుకున్నారంటే తప్పెవరిది? (మన పిల్లల స్టూడెంట్ వీసా చిక్కులకైతే 2013 ఏప్రిల్ నుంచి ఆపాటి సాయమూ లేదు.) లాయరు లేని అప్పీలులో కాగితాలు పేర్చి కథ రాబట్టే పని జడ్జి నెత్తిన పడి విచారణ సాగుతుంది. అప్పీళ్ల పెండింగ్ పెరిగిందని లాయర్లనే ఆడిపోసుకునే నాయకులు ఈ లెక్క ఎందుకు వేయరో!