శుశ్రూష

ఇంటర్మీడియెటు ముగించి, పదునెనిమిదేండ్లు నిండిన మా మనుమరాలు, నేపాళదేశమున నొక కొండపల్లె బడిలో మూడు వారములు స్వచ్ఛందసేవ చేయుటకై వచ్చు నెలలో బయలుదేరుచున్నది. దేశపు పొలిమేర దాటుట ఆమెకిదే మొదలు. ఉన్నిబట్టలు, మందులు, పిల్లలకు పంచుటకు పలకలు, రంగుపెన్సిళ్లు పెట్టెలో సర్దుకొని, "తాతయ్యా, ఇంకేమి తీసికొనిపోవలెను?" అని మొన్న నన్నడిగెను. వెంటనే బదులు చెప్పలేకపోతిని; పూర్వపు స్వచ్ఛందసేవకుడొకడు తలపునకు వచ్చెను.

స్విట్జర్లాండు దేశీయుడైన పియేర్ సెరెసోల్, మొదటి ప్రపంచ సంగ్రామమున నేలమట్టమైన వెర్డూన్ సమీపమునందలి ఫ్రెంచి పల్లెకు, 1920లో, నిన్నటి శత్రువులైన జర్మనులను సైతము వెంటబెట్టుకొనిపోయి, పలుగును పారయు చేతబట్టి పునర్నిర్మాణమునకు పూనుకొనెను. 1934 జనవరి 15న భూకంపము బిహారును ధ్వంసము చేయగా, ఏబదినాలుగేండ్ల ప్రాయమున సముద్రములు దాటి వచ్చి, ముజఫర్‌పురము ప్రాంతమున కూలిన పల్లెలను నిలుపుటలో పాలుపంచుకొనెను. ఆ రెండుచోట్లను అక్కఱ ముందుగా నుండెను. సేవకుడు పిమ్మట వచ్చెను.

నేడు కొన్నియెడల ఈ క్రమము తలక్రిందులైనది. సేవకుని కొఱకు అక్కఱను సృష్టించుచున్నారు. నేపాళమున అనాథాశ్రమములలో పెరుగు బిడ్డలలో పెక్కుమందికి తల్లియో తండ్రియో జీవించియే యున్నారు. చదువు చెప్పింతుమని కొండపల్లెల తలిదండ్రులను నమ్మించి దళారులు తెచ్చిన పసివారిని, పరదేశీయుల కరుణకును కానుకలకును ఎరగా నిలిపిన యుదంతములు లోకవిదితములు. వచ్చిన ప్రతి యతిథిని హత్తుకొని, మూడు వారములలో ఎడబాసి, మరల మరియొకరిని హత్తుకొను ఆ పసిహృదయముల వేదనకు, మన సదుద్దేశము పరిహారము కానేరదు.

కావున నిన్న ఉదయము ఆమెతో నిట్లంటిని: "అమ్మా, ఆ బడి పంతులుగారికి నీవలన కావలసిన సాయమేమో ఆయననే యడుగుము. నీవు వెడలిన మఱునాడు ఆ పని నెవరు సాగింతురో ముందుగా తెలిసికొనుము. సేవకు మన భాషలో శుశ్రూష యనియు పేరు. వినవలెనను కోరిక యనునది సంస్కృతమున ఆ పదమునకు మొదటి యర్థము. వినుట నుండియే పరిచర్య పుట్టినది."

మా వీథిలో ఇరువదియేండ్లుగా రాత్రులు కఱ్ఱ తాటించుచు కావలి తిరుగు గూర్ఖా నేపాళీయుడే. పండుగకు మామూలిచ్చితిమే గాని, ఏ యూరివాడవని యెన్నడు నడుగలేదు. నిన్న సాయంకాలము మనుమరాలు అరుగుమీద అతని చెంత గూర్చుండి, ఆకలిని, జ్వరమును, కృతజ్ఞతను అతని భాషలో నేమందురో వ్రాసికొనుచుండెను. అతని పల్లె పేరు మా యింట మొదట తెలిసికొన్నది ఆమెయే.