మంచు బొమ్మల పండుగ

పిల్లలూ! జపానుకు ఉత్తరాన హొక్కైడో ద్వీపం ఉన్నది. దాని ముఖ్యపట్టణం సప్పోరో. చలికాలంలో అక్కడ మంచును పారలతో ఎత్తి పక్కకు వేస్తేగాని దారి ఉండదు. 1950లో ఆ ఊరి హైస్కూలు విద్యార్థులు ఓడోరి పార్కులో మంచుతో ఆరు బొమ్మలు చేశారు. అదే పెద్ద పండుగయింది. ఏటా ఫిబ్రవరిలో, శని ఆదివారాలు కలసివస్తే, మిత్రులు గుంపులుగా వచ్చి చూస్తారు.

కొత్త మంచులో గాలి ఎక్కువ. అందుకే అది దూదిలా తేలిక. గాలి పోయేలా అణచి గట్టిపరిస్తేనే బొమ్మ నిలుస్తుంది.

పండుగ కాగానే, ఎవరిమీదా విరిగిపడకుండా, బొమ్మలను పడగొట్టేస్తారు. “మరి ఇంత శ్రమ ఎందుకండీ?” అంటారా? పలక తుడిచేసినంత మాత్రాన చేతికి వచ్చిన రాత పోతుందా?