గంటగంటకీ గాలి లెక్క

ధనుర్మాసంలో తెల్లవారుజామునే లేచి వాకిట్లో నీళ్లు చల్లాలంటే మనకి ప్రాణం మీదకొస్తుంది కదూ! లంబసింగిలో చలి సున్నా దాకా దిగిందని పేపర్లో చదివితే ‘అమ్మో, ఎలా ఉంటున్నారో ఏమిటో’ అనుకుంటాం. మరి సున్నాకి 15 డిగ్రీలు కిందకి దిగడం మామూలైపోయిన చోట, తుపాను గాలిలో, గంటకోసారి బయటికెళ్లి పని చూసుకునొచ్చే వాళ్లున్నారంటే నమ్ముతారా? ఈవారం వాళ్ల కబుర్లు చెప్పుకుందాం.

అమెరికాలో ఈశాన్యం మూల న్యూహాంప్‌షైర్ అని ఓ చిన్న రాష్ట్రం ఉంది. అక్కడి మౌంట్ వాషింగ్టన్ అనే కొండ ఎత్తు 6,288 అడుగులు. మన ఊటీ ఇంతకంటే ఎత్తులోనే ఉంది! కానీ చుట్టుపక్కల దీన్ని మించిన కొండ లేదు, గాలికి అడ్డమూ లేదు. పైగా ఆ దేశంలో గాలివానలు నడిచే దారులు ఆ చుట్టుపక్కలే కలుస్తాయి. అందుకని గంటకి 120 కిలోమీటర్లు దాటిన గాలి అక్కడ ఏడాదిలో వంద రోజుల పైనే వీస్తుంది. చలికాలంలోనైతే దాదాపు రోజు విడిచి రోజు. 2014లో హుద్‌హుద్ విశాఖ మీద పడ్డప్పుడు గాలి గంటకి 180 కిలోమీటర్లకి అటూఇటూగా వీచింది. ఆ ఒక్కరోజు మనం ఇప్పటికీ మర్చిపోలేదు.

ఆ కొండ కొమ్మున 1932 నుంచి ఒక వాతావరణ పరిశీలన కేంద్రం నడుస్తోంది. ప్రభుత్వానిది కాదు. సభ్యుల చందాలు, విరాళాల ఆసరాతో నడిచే సంస్థ. బోస్టన్‌లో ఉండే మా ఆడపడుచు కూతురు ఓ జులైలో కారులో ఆ కొండెక్కి చూసొచ్చింది. ఎండాకాలంలో కూడా స్వెట్టరు తియ్యలేకపోయిందిట. ఇక చలికాలం సంగతి చెప్పాలా!

బుధవారం బండి

అక్కడ పనిచేసేవాళ్లు రెండు జట్లు. బుధవారం కొండెక్కిన జట్టు మళ్లీ బుధవారమే దిగుతుంది. ఆ తర్వాత ఆరు రోజులు ఇల్లూవాకిలీ చూసుకుని మళ్లీ ఎక్కుతారు. పైకి 12 కిలోమీటర్ల రోడ్డుంది గానీ చలికాలంలో అది మంచు కింద పూడిపోతుంది. అప్పుడు చక్రాలకి బదులు వెడల్పాటి పట్టాలు, ముందు మంచు తోసే రేకు ఉన్న పెద్ద ట్రాక్టరే దిక్కు. మనుషులతోపాటు వారానికి సరిపడా సరుకులు, కూరలు, గుడ్లు అందులోనే ఎక్కాలి. కొత్తిమీర మర్చిపోయామని పిల్లాణ్ణి వీధి చివర కొట్టుకి పంపడానికి లేదు! గాలి మరీ ఎక్కువైతే బండి కదలదు. దిగాల్సినవాళ్లు మూటాముల్లె సర్దుకుని ఎదురుచూస్తూ కూర్చోవాల్సిందే.

శిఖరం మీద గట్టి కాంక్రీటు భవనం. వాళ్ల వంటిల్లు, పడక గదులు అడుగు అంతస్తులో ఉంటాయి. పైన పని గది, దాని మీద టవరు, టవరు నెత్తిన పరికరాలు. పగలు నలుగురూ ఉంటారు. రాత్రి డ్యూటీ మాత్రం ఒక్కరిదే. ఆడవాళ్లు కూడా ఆ డ్యూటీలు చేస్తున్నారు.

మన కుండ నీళ్ల సూత్రమే

గంట దగ్గరపడగానే ఒంటి మీద పొర మీద పొర తొడుక్కుని, ముఖానికి ముసుగు, కళ్లకి అద్దాలు పెట్టుకుని బయటికెళ్లాలి. అంత చలిగాలిలో చర్మం వేలెడు మేర బయటపడ్డా కాసేపట్లోనే అక్కడ గడ్డకట్టి చచ్చుబడిపోతుంది. ఎంత దూరం కనిపిస్తోంది, ఏ రకం మబ్బు పట్టింది, పడేది మంచా, వడగళ్లా, ఇవన్నీ కళ్లతో చూసి రాసుకోవాలి.

గాలిలో తేమ కొలిచే పద్ధతి మనకి ఇట్టే అర్థమవుతుంది. రెండు థర్మామీటర్లు ఒక పిడికి బిగించి ఉంటాయి. ఒకదాని కొసకి తడిగుడ్డ చుడతారు. దాన్ని వడిసెల తిప్పినట్టు గిరగిరా తిప్పుతారు. తడి ఆరుతున్నకొద్దీ ఆ థర్మామీటరు చల్లబడుతుంది. ఎండాకాలం మన మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఇలాగే. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే తడి త్వరగా ఆరదు, రెండిట్లో తేడా తక్కువ చూపిస్తుంది. వానాకాలంలో మన బట్టలు ఆరక పోవడం లేదూ, అదే. ఆ తేడాని బట్టి తేమ లెక్క కడతారు.

ఆరు గంటలకోసారి బయట పెట్టిన డబ్బా తీసుకొచ్చి, అందులో పడిన మంచు కరిగించి ఎన్ని నీళ్లయ్యాయో కొలుస్తారు. పెద్ద గాలిలో ఆ డబ్బాని గుండెలకి హత్తుకుని నడవడమే ఒక యజ్ఞం.

అన్నిటికన్నా కష్టం మంచు రాలగొట్టడం. ఆ కొండని మబ్బే కప్పేస్తూ ఉంటుంది. మబ్బులోని నీటి తుంపరలు సున్నా కంటే చల్లబడినా నీళ్లుగానే ఉంటాయి. ఏ ఇనప కమ్మీకో తగిలాయా, తగిలిన చోటే గడ్డకట్టేస్తాయి. అది గాలి వచ్చే వైపుకి తెల్లటి ఈకల్లా పెరుగుతూ పోతుంది. మన ఫ్రిజ్‌లో ఐసు పేరుకుంటే స్విచ్చాపి కరిగిస్తాం. వాళ్లకి ఆపడానికి స్విచ్చేదీ? ఇనప గునపం పట్టుకుని టవరెక్కి, కమ్మీల మీద కొట్టి రాలగొట్టాలి. లేకపోతే గాలి కొలిచే పరికరం బిగుసుకుపోయి తప్పుడు లెక్క చూపిస్తుంది. అర్ధరాత్రయినా అంతే.

వండిపెట్టేదెవరు?

చలికాలంలో జట్టుతోపాటు ఇద్దరు స్వచ్ఛంద సేవకులు కొండెక్కుతారు. జీతం లేదు, వారం పాటు ఉండటమే వాళ్లకి ఆనందం. వాళ్ల పని అందరికీ రాత్రి భోజనం వండటం, గిన్నెలు తోమడం, ఇల్లు ఊడవడం. మంచులో తడిసి, ఒళ్లు బిగుసుకుపోయి వచ్చినవాళ్లకి వేడివేడి సూపు చేతికందితే అంతకన్నా ఏం కావాలి!

వంటలో ఓ తిరకాసుంది. ఆ ఎత్తున నీళ్లు 100 డిగ్రీలకి కాదు, 93, 94 డిగ్రీలకే మరిగిపోతాయి. పైన గాలి ఒత్తిడి తక్కువ కావడమే కారణం. నీళ్లు తెర్లుతూనే ఉంటాయి, పప్పు మాత్రం బద్దలుగానే ఉంటుంది! ఊటీలోనో కొడైకెనాల్‌లోనో గది తీసుకుని వండుకున్నవాళ్లకి ఇది అనుభవమే. అలాంటి చోటికి వెళ్లేటప్పుడు చిన్న కుక్కరు వెంట తీసుకెళ్లండి. శనగలు, రాజ్మా అయితే ముందు రాత్రే నానబెట్టుకోండి.

ఆ ఇంట్లో ఓ పిల్లి కూడా ఉంటుంది. మొదట్నించీ అక్కడ పిల్లుల్ని పెంచడం ఆనవాయితీ. 2021లో వచ్చిన బూడిదరంగు పిల్లి పేరు నింబస్, అంటే వానమబ్బు. పేరు కూడా పనికి తగ్గట్టే పెట్టారు.

1934 ఏప్రిల్ 12

అప్పుడు ఇంత గట్టి భవనం లేదు. కొయ్య ఇల్లు గాలికి ఎగిరిపోకుండా ఇనప గొలుసులతో రాళ్లకి కట్టేశారు. లోపల సాల్వటోర్ పాగ్లియుకా, అలెగ్జాండర్ మెకంజీ, వెండెల్ స్టీఫెన్సన్ అనే పరిశీలకులున్నారు. తెల్లారకముందే స్టీఫెన్సన్‌కి అనుమానం వచ్చింది. ఇల్లంతా అదిరిపోతోంది, పరికరం చూస్తే వేగం తక్కువ చూపిస్తోంది. ‘దానికి మంచు పట్టింది’ అనుకుని దుడ్డుకర్ర పట్టుకుని బయటికెళ్లాడు. గాలి ఒక్క తోపు తోసి పడేసింది. లేచి, నిచ్చెనెక్కి, మంచు రాలగొట్టి వచ్చాడు.

ఆ మధ్యాహ్నం 1 గంట 21 నిమిషాలకి పరికరం గంటకి 372 కిలోమీటర్ల వేగం చూపించింది. హుద్‌హుద్‌కి రెట్టింపు! ఆ రికార్డు 1996 దాకా ఎవరూ దాటలేదు. ఆ ఏడు ఆస్ట్రేలియా దగ్గర బారో దీవిలో తుపాను గాలి 408 కిలోమీటర్లు పోయింది. అక్కడ కొలిచింది మనిషి లేని యంత్రం. మనిషి దగ్గరుండి కొలిచిన వాటిల్లో మౌంట్ వాషింగ్టన్ గాలిదే పైచెయ్యి. పొద్దున్నే ఆ దుడ్డుకర్ర మంచు రాలగొట్టకపోతే మధ్యాహ్నం లెక్క దక్కేదా, చెప్పండి?

ఇప్పుడు కంప్యూటర్లున్నాయి కదా అంటారేమో. 2023 ఫిబ్రవరి మొదటి వారంలో ఒక రాత్రి అక్కడ చలి మైనస్ 44 డిగ్రీలకి దిగింది. గాలి కూడా కలిసి ఒంటికి తగిలే చలి మైనస్ 78 అని లెక్కతేలింది. అంత మంచులో యంత్రాన్ని దాని మానాన వదిలేస్తే ఎంతసేపు నిజం చెబుతుంది? దాన్ని కనిపెట్టుకునుండే మనిషి కావాలి.

ఇదంతా రికార్డుల మోజు అనుకోకండి. ఆ కొండల్లో 1849 నుంచి ఇప్పటివరకు 150 మందికి పైగా చనిపోయారు. కింద ఎండ చూసి పలచటి చొక్కాతో ఎక్కి, పైన చలిగాలికి చిక్కినవాళ్లు వాళ్లలో ఉన్నారు. అందుకే రాత్రంతా రాసిన లెక్కలు చూసుకుని, తెల్లారేసరికి ‘పైన ఇవాళ ఇలా ఉంటుంది’ అని తయారుచేసి కిందకి పంపుతారు. అది చదివి ‘ఇవాళ వద్దులే’ అని వెనక్కి తిరిగినవాళ్లు ఎందరో లెక్క ఎక్కడా ఉండదు. ఇల్లు చేరినవాడి గురించి పేపర్లో రాయరు కదా. మన పనీ అంతే. పిల్లలకి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఇల్లంతా హడావుడి. పట్టుకోకుండా రోజూ నీళ్లు కాచి చల్లార్చిపెట్టిన చెయ్యి ఎవరికి గుర్తుంటుంది? గుర్తుండదని మనం కాచడం మానేశామా?

మనింట్లోనూ వాన లెక్క రాయొచ్చు. అడుగూ మూతీ ఒకే వెడల్పున్న డబ్బాని డాబా మీద, చెట్టు నీడ, చూరు నీళ్లు పడని చోట పెట్టండి. రోజూ ఒకే వేళకి స్కేలుతో నీటి లోతు మిల్లీమీటర్లలో కొలిచి, క్యాలెండర్లో ఆ తేదీ గడిలో రాసి, డబ్బా ఒంపెయ్యండి. పేపర్లో వేసే వర్షపాతం కూడా ఇలాంటి కొలతే. పిల్లలకి అప్పగిస్తే సరదాగా చేస్తారు. వాన పడని రోజు సున్నా వెయ్యడం మాత్రం మర్చిపోవద్దని చెప్పండి. ఒక్క గడి ఖాళీగా వదిలేస్తే ఆరోజు వాన లేదో, కొలవడం మరిచామో తర్వాత ఎవరికీ తెలీదు.

వచ్చేవారం మరో ముచ్చటతో కలుసుకుందాం.