తలుపు తెఱచియున్న చాలునా?

విద్య దుర్లభమైన కాలమొకటి ఉండెడిది. గురువున్న ఊరికి శిష్యుడు నడచి పోవలెను. వారమునకు ఏడిండ్లు చూచుకొని, ఒక్కొక్కనాడు ఒక్కొక్క ఇంట భుజించి, వీథిదీపముక్రింద చదువుకొన్న పేదబాలుర కథలు తెలుగునాట ఇంటింటను వినవచ్చును. ఇప్పుడు గురువే శిష్యుని ఇంటికి వచ్చుచున్నాడు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ తన పాఠ్యవిషయములను లోకమునకెల్ల ఉచితముగా ఇచ్చెదనని 2001లో ప్రకటించినది. మన దేశమున ఐ.ఐ.టి.లును, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థయు కలసి 2003లో ఎన్.పి.టి.ఇ.ఎల్. అను పేర ఇట్టి కార్యమునే ఆరంభించినవి. 2017లో కేంద్రప్రభుత్వము ‘స్వయం’ అను వేదికను నెలకొల్పినది. పాఠము వినుటకు రుసుము లేదు. యోగ్యతాపత్రము కావలెనన్నచో పరీక్షకు మాత్రము కొంత చెల్లింపవలెను.

ఇంత సౌకర్యముండియు చదువుకొననివాడు సోమరియే యని పెద్దలు పలువురు తేల్చివేయుదురు. అది తొందరపాటు తీర్పు.

హార్వర్డు విశ్వవిద్యాలయమును, పైని చెప్పిన మసాచుసెట్స్ సంస్థయు 2012 మొదలు 2018 వఱకు అంతర్జాలమున నడపిన పాఠ్యక్రమములందు సుమారు 56 లక్షలమంది చేరిరి. వారి చదువు ఎట్లు సాగినదో ఇద్దరు పరిశోధకులు పరిశీలించి 2019లో వెల్లడించిరి. పేరు నమోదు చేసికొన్నవారిలో సగముమంది పాఠమును ఒక్కమాఱైనను తెఱచి చూడలేదు. 2017-18లో కడవఱకు నిలిచినవారు నూటికి మువ్వురు. వీరిలో చాలమంది సంపన్నదేశములవారు. ఇంట యంత్రమును, ఏకాంతమును, విద్యుత్తును కొఱత లేనివారు. వారికే ఇంత కష్టమైనప్పుడు, పల్లెటూరి ఎనిమిదవ తరగతి బాలికను సోమరి యనుట న్యాయమా?

ఆమె ఇంటి స్థితి చూడవలెను. ఫోను ఒక్కటియే. అది ప్రొద్దుననే తండ్రితో పనికి పోయి రాత్రికి తిరిగి వచ్చును. అప్పుడు అన్న చేతికి చేరును. ఆ వేళ ఆమె తల్లికి వంటలో సాయపడుచుండును. ఎట్లో ఒకనాడు దొరకినను, మేలైన పాఠములలో అధికభాగము ఆంగ్లమున సాగును. ఒక్క మాటకు అర్థము వెదకులోపల బోధకుడు మూడు మెట్లు ముందునకు పోవును. తరగతిలోని ఉపాధ్యాయుడైనచో పిల్ల మొగము చిన్నబోవుట చూచి ఆగును, మఱల చెప్పును. తెరపైని గురువు ఎంతటి పండితుడైనను ఆయనకు ఆ మొగము కానరాదు.

2024లో గ్రామసీమలందు జరిగిన ‘అసర్’ సర్వే ప్రకారము, 14 నుండి 16 ఏండ్ల పిల్లలున్న ఇండ్లలో నూటికి దాదాపు 90 ఇండ్ల స్మార్టుఫోను కలదు. దానిని వాడనేర్చినవారిలో సొంతఫోను గలవారు బాలురలో నూటికి 36 మంది, బాలికలలో 27 మంది. గడచిన వారమున దానిని చదువుకొఱకు వాడినవారు 57 మంది. సామాజిక మాధ్యమములకొఱకు వాడినవారు 76 మంది. ఇందు పిల్లల తప్పు ఏమియు లేదనుటకు వీలులేదు. కాని బీజగణితమును, వినోదమును ఒకే తెరపై ఉన్నవి. చూచువాని కన్ను మరలనీయకుండుటకే జీతములు తీసికొను నిపుణులు ఆ వినోదము వెనుక నున్నారు. పదునాలుగేండ్లవాడు వారితో ఒంటరిగా పెనగులాడవలసి వచ్చుచున్నది.

పుస్తకము దొరకినంతమాత్రమున జనులు చదువరని తెలుగువారికి నూఱేండ్లక్రిందటనే తెలియును. గ్రంథాలయోద్యమ కాలమది. వేటపాలెమున సారస్వత నికేతనము 1918లో వెలసినది. 1935లో కృష్ణా కాలువలపై పడవనిండ గ్రంథములు నింపి ఊరూర త్రిప్పిరి. చదువురానివారికి చదివి వినిపించుటయు ఆ ఉద్యమమున ఒక పనియే. పుస్తకముతోపాటు ఒక చోటు, ఒక వేళ, ఒక మనుష్యుడు ఉండవలెనని వారు గ్రహించిరి. అంతర్జాల విద్యకు నేడు లోపించినవి ఈ మూడే.

ఊరి బడిలోనో, శాఖా గ్రంథాలయమందో సాయంకాలము ఒక గంట తలుపు తీసి, ఒక్క తెరముందు పదిమంది పిల్లలను కూర్చుండబెట్టవచ్చును. పాఠమును నడుమనడుమ ఆపి తెలుగున వివరించువారు ఒకరు కావలెను. వారు గొప్ప పండితులు కానక్కఱలేదు. సెలవులకు ఇంటికి వచ్చిన కళాశాల విద్యార్థియైనను చాలును. ఒకడు తెలియదనిన మాటను ప్రక్కవాడు చెప్పును. ఒకనాడు రానివానిని తక్కినవారు పిలుచుకొని వత్తురు. ఇందుకగు వ్యయము స్వల్పము. అయితే ఆ గంట చీకటిపడకమునుపే ముగియవలెను, లేనిచో తల్లిదండ్రులు బాలికలను పంపరు. ఆ గంటసేపు ఇంటిలో అంట్లు ఎవరు తోముదురో, నీరు ఎవరు తెత్తురో, తల్లిదండ్రులును అన్నదమ్ములును కూర్చుండి నిర్ణయించుకొనవలసియున్నది.