చదవడానికి ఎంతసేపు పడుతుంది?

సాంచా మీదికి బీము ఎక్కించగానే అది ఎన్ని రోజుల్లో దిగుతదో మనవాళ్లు చూసి చెప్పేస్తారు. ఎన్ని మీటర్లు, రోజుకు ఎంత దిగుతుంది, పోగులు తెగితే ఎంత టైము పోతుంది, అంతా నోటి లెక్కే. అదే నాలుగు పేజీల కాగితం చేతిలో పెట్టి, చదవడానికి ఎంతసేపు పడుతుందంటే చెప్పలేరు. ఆ లెక్క లేకనే లోను ఏజెంటు "రెండు నిమిషాల పని కాకా, ఇక్కడ సంతకం పెట్టు" అంటే పెట్టేస్తాం.

లెక్క కష్టమేం కాదు. ఇంట్లో పాత లోను కాగితమో, సొసైటీ నోటీసో తీయండి. గడియారం ముందు పెట్టుకొని, మీకు అర్థమయ్యే వేగంతో ఒక్క నిమిషం చదవండి. ఎన్ని లైన్లు అయినవో లెక్కపెట్టండి. కాగితంలో ఉన్న మొత్తం లైన్లను దాంతో భాగిస్తే చదివే టైము వస్తుంది.

ఇంగ్లీషువాళ్లు దీన్ని మాటల్లో లెక్కేస్తారు. పెద్దవాళ్లు మనసులో చదువుకుంటే నిమిషానికి సుమారు 240 మాటలని వాళ్ల సగటు. అది మనకు పనికిరాదు. 'చేయించుకోవాల్సివచ్చింది' అని మనం ఒక్క మాటగా రాసేది ఇంగ్లీషులో నాలుగైదు మాటలవుతుంది. అందుకే లైన్ల లెక్కే మేలు. అయితే పత్రిక లైను పొట్టిది, లోను కాగితం లైను పేజీ అడ్డంగా పోతది. ఏ రకం కాగితం చదవాలో ఆ రకం మీదనే చూసుకోవాలి.

నా లెక్క చెప్తా. అలాంటి కాగితం తెలుగులో ఉంటే నిమిషానికి 14 లైన్లు చదువుతా. మరాఠీలో ఉంటే 7 మాత్రమే. పేజీకి 35 లైన్ల చొప్పున నాలుగు పేజీలంటే 140 లైన్లు. తెలుగులో 10 నిమిషాలు, మరాఠీలో 20. వడ్డీ, ఛార్జీలు, కిస్తు తప్పితే ఏంది అనే దగ్గర ఆగి మళ్లీ చదవాలి కాబట్టి దానికి రెట్టింపు వేసుకుంటా. అంటే 40 నిమిషాలు. పిల్లలతో చదివించుకొని అర్థం చెప్పించుకునేవాళ్లు గంట పెట్టుకోండి.

"అంతసేపు ఎవరు ఆగుతారు?" అంటారేమో. ఆగాల్సిందే. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం, 2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే కొత్త ఇంటి, బండి, పర్సనల్ లోన్ల వంటి వాటికి బ్యాంకైనా, ఫైనాన్స్ కంపెనీ అయినా ముందుగా 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్' ఇవ్వాలి. అది తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలి, అందులోది వివరించి చెప్పాలి. ఏడు రోజులు, అంతకు మించిన గడువున్న లోనైతే, ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాలు ఇవ్వాలి. ఆ లోపు మనం ఒప్పుకుంటే అందులోని షరతులకు వాళ్లు కట్టుబడాలి. అందులో లేని ఛార్జీ మన ఒప్పుకోలు లేకుండా వసూలు చేయకూడదు.

కాబట్టి ఏజెంటు వస్తే కాగితం తీసుకొని, లైన్లు లెక్కపెట్టి, "నాకు గంట పడుతుంది, రేపు రండి" అని చెప్పండి. రాత్రిపాళీ చేసి వచ్చిన పొద్దున మాత్రం చదవకండి. నిద్ర కళ్లతో ఏ లెక్కా నిలవదు. ముందు పడుకొని లేవండి.